గండికోట చూడాలంటే: విజయవాడ, గుంటూరు వాళ్లకి రెండు రోజుల ప్లాను

కడప జిల్లాలో పెన్నా లోయ అంచున ఉన్న గండికోటకి పోయొచ్చిన మనవాళ్లలో చాలామంది "ఏముందండీ, ఎండ, రాళ్లు" అని పెదవి విరుస్తారు. అలా అన్నవాళ్లని ఒక్క మాట అడగండి, లోయ దగ్గరికి ఎన్నింటికి చేరారని. పన్నెండింటికో ఒంటిగంటకో అని చెప్తారు. ఆ టైములో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఎర్రటి రాయి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, నీడలు ఉండవు కాబట్టి లోయ లోతు కంటికి ఆనదు. చెమటలు కక్కుతూ నాలుగు ఫొటోలు దిగి, రాత్రికి ఇల్లు చేరాలన్న తొందరలో కారెక్కేస్తారు.

కాబట్టి ముందుగా ఖాయం చేసుకోవాల్సింది టైము. ఒక సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా, మర్నాడు పొద్దున ఆరింటి నుంచి ఎనిమిది దాకా మీరు లోయ అంచున ఉండాలి. రూము, రూటు, తిండి, దారిలో చూసే గుళ్లు అన్నీ ఈ రెండు పూటల చుట్టూ సర్దుకోవాలి. అంటే రాత్రి అక్కడ పడుకోవాల్సిందే. ఒక్కరోజులో పోయి వచ్చే ప్లాను ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

అక్కడ ఏముందో తెలుసుకుని వెళ్లండి

కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు పారి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్నా నది, జమ్మలమడుగుకి దగ్గర్లో ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోతుంది. ఆ కోత పక్కన కొండ మీద కోట, కోట లోపల ఓ చిన్న ఊరు. లోయకి పై వైపున గండికోట రిజర్వాయరు, కింది వైపున మైలవరం డ్యాము ఉన్నాయి. మీరు పై నుంచి చూసే ఆకుపచ్చ నీళ్లు చాలావరకు మైలవరం డ్యాము వెనక్కి ఎదురు తన్నిన నీళ్లే. అందుకే ఎండాకాలంలో పెన్నా మిగతాచోట్ల ఇసుక తేలిపోయినా లోయలో కొంత నీరు కనిపిస్తుంది.

ఆ గోడల్ని గ్రానైటు అని చాలామంది రాస్తుంటారు. కాదు, అది క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. వంద కోట్ల ఏళ్లకి పైబడిన ఇసుక గట్టిపడి రాయైంది. ఇది పొరలు పొరలుగా ఉంటుంది, నిలువు చీలికల వెంట దిమ్మలుగా విరుగుతుంది. ఈ సంగతి భూగోళం పాఠం కోసం చెప్పడం లేదు, అంచున ఎక్కడ కూర్చోవాలి అన్నది దీన్ని బట్టే ఉంటుంది. దాని గురించి కింద చెప్తాను.

ఇంకో మాట. దీన్ని అందరూ భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటారు. గుంటూరులో వీధికొక ఇంట్లో అమెరికాలో ఉండే కొడుకో కూతురో ఉంటారు, అసలు గ్రాండ్ కాన్యన్ ముందు నిలబడి దిగిన ఫొటో హాల్లో ఉంటుంది. అది 446 కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటరుకి మించిన లోతు. మనది లెక్కకు కొన్ని వందల అడుగులే. ఆ పోలిక మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశ తప్పదు. మనదాంట్లో ఉన్న సుఖం వేరు: అవతలి గోడ దగ్గరగా ఉంటుంది, రాయి మీద ఎండ జరగడం కళ్లముందే కనిపిస్తుంది, వెనక్కి తిరిగితే కోట, గుడి, మసీదు.

నెల, వారం

అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా వెళ్లండి. వానలు పడి నీళ్లు నిండి ఉంటాయి, చలి హాయిగా ఉంటుంది. మార్చి దాటాక వద్దు. రెంటచింతల ఎండలు పక్కనే చూసినవాళ్లం, మనకేంటి అనుకోవచ్చు. మన దగ్గర ఒళ్లంతా చెమటకి తడిసి, ఎండ దెబ్బ తగలబోతోందని ముందే తెలుస్తుంది. అక్కడ గాలి పొడి. చెమట పట్టినట్టే ఆరిపోతుంది, దాహం తెలిసేసరికి తల తిరగడం మొదలవుతుంది. పైగా పగలంతా కాగిన రాయి సాయంత్రం కూడా వేడి కక్కుతూ ఉంటుంది.

వాన పడుతున్నప్పుడు, పడిన వెంటనే వెళ్లొద్దు. తడిసిన క్వార్ట్‌జైట్ మీద కాలు నిలవదు. శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవులు రద్దీ. వీలైతే ఆదివారం బయల్దేరి సోమవారం పొద్దున అంచున ఉండేలా చూసుకోండి, ఆ పూట లోయ దాదాపు మీ ఒక్కరిదే.

రూము ముందు, దారి తర్వాత

కోటకి కాస్త ముందే రోడ్డు పక్కన రాష్ట్ర పర్యాటక సంస్థ వాళ్ల హరిత హోటల్ ఉంది. పొద్దున ఆరింటికి అంచు చేరాలంటే దాన్ని మించింది లేదు. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోండి, డిసెంబరులో అయితే చాలా ముందే. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. కాబట్టి బుక్ చేశాక కూడా ఓసారి ఫోన్ చేసి ఏ గదులు తెరిచి ఉన్నాయో, ఎక్కడ పని జరుగుతోందో కనుక్కోండి.

అక్కడ దొరక్కపోతే రెండు దారులు. కుర్రాళ్లయితే ప్రైవేటు టెంట్లు. వేసే ముందే మూడు సంగతులు అడగాలి: టెంటు అంచుకి ఎంత దూరం, బాత్రూము ఉందా, రాత్రి మనిషి కాపలా ఉంటాడా. గాలి గట్టిగా వీచే చోటది, అంచుకి దగ్గరగా వేస్తామని గొప్పగా చెప్పేవాళ్ల దగ్గర తీసుకోవద్దు. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే పదిహేను కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులోనో, ఇంకాస్త అవతల ప్రొద్దుటూరులోనో లాడ్జి చూసుకోండి. అప్పుడు తెల్లవారుజామున ఐదింటికే లేవాలి. మామగారు ఒప్పుకుంటారా అన్నది మీ ఇంటి సంగతి.

దారి

కారులో అయితే గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు. గుంటూరు నుంచి సుమారు 350 కిలోమీటర్లు, విజయవాడ వాళ్లకి వారధి దాటి గుంటూరు వచ్చేదాకా మరో 35. ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు పెట్టుకోండి. పొద్దున ఐదింటికి బయల్దేరితే టిఫిను వినుకొండలో. టైము మిగిలితే గుండ్లకమ్మ మీద కట్టిన రాయల కాలం నాటి కంభం చెరువు ఓ పది నిమిషాలు చూడొచ్చు.

గిద్దలూరు దాటాక నల్లమల ఘాటు. వంకర్లు, లారీలు, రోడ్డు మీద కోతులు. అద్దాలు ఎక్కించి ఉంచండి, అరటిపండ్లు విసరొద్దు. పిల్లలకి ఒకటి రెండు సార్లు వాంతి తప్పదు, ఖాళీ కవర్లు చేతికందేలా పెట్టుకోండి. ఘాటు దిగాక మహానంది కొద్ది కిలోమీటర్ల పక్కనే. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆగకుండా వెళ్లడం కుదరదు, దర్శనం, కోనేరు కలిపి గంటన్నర ముందే లెక్కలో వేసుకోండి. లేకపోతే ఆ గంటన్నర సాయంత్రం లోయ దగ్గర కోత పడుతుంది.

రైల్లో అయితే గుంటూరు నుంచి నంద్యాల లైను అందమైనది, నల్లమల సొరంగాల్లోంచి వెళ్తుంది. నరసాపురం నుంచి హుబ్బళ్లి పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఆ దారినే పోతుంది కానీ నంద్యాలలో దించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల దాకా 2016లో మొదలైన కొత్త లైను మీద జమ్మలమడుగు స్టేషను ఉంది, ఆ ప్యాసింజర్ల టైములు రైల్వే యాప్‌లో చూసుకున్నాకే ఆ సాహసం చేయండి. విజయవాడ నుంచి తిరుపతి మీదుగా కడప పోయే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కడపలో దిగి బస్సు మారడం ఇంకో పద్ధతి. జమ్మలమడుగు నుంచి గండికోటకి బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకుంటే రాను, పోను, వెయిటింగు కలిపి ఒకే రేటు ముందే తేల్చుకోండి. దింపేసి వెళ్లిపోతే సాయంత్రం పూట తిరిగి రావడానికి ఏమీ దొరకదు.

ఏం సర్దుకోవాలి

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, అదీ గది నుంచి బయల్దేరేటప్పుడు చేతిలో ఉండాలి. కోట దగ్గర చిన్న కొట్లు ఉంటాయి గానీ పొద్దున ఆరింటికి తెరిచి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. పట్టు ఉన్న బూట్లు, హవాయి చెప్పులు గదిలోనే వదిలేయండి. చీర కట్టుకునేవాళ్లు అంచు దగ్గరికి వచ్చేటప్పుడు కొంగు నడుముకి దోపుకోవాలి, గాలి అంత ఉంటుంది. టోపీ, టార్చి, పవర్ బ్యాంకు, కాస్త నగదు.

తిండికి మన పులిహోరని మించింది లేదు. పొద్దున కలిపిన పులిహోర సాయంత్రానికి ఇంకా రుచిగా ఉంటుంది, ఎండకి పాడవదు. పెరుగన్నం మాత్రం వినుకొండ దాటేలోపే తినేయండి. రాత్రికి మాత్రం ఇంటి డబ్బా మూసేసి సీమ భోజనం తినండి: రాగిసంగటి, నాటుకోడి పులుసు. మర్నాడు టిఫినుకి ఉగ్గాని, బజ్జీ. గుంటూరు కారం తిన్న నోటికి కూడా అక్కడి బజ్జీ మిరపకాయ గట్టిగానే తెలుస్తుంది.

మొదటి సాయంత్రం

మూడున్నరకల్లా కోటలోకి వెళ్లండి. దారి కోట గుమ్మంలోంచి మెలికలు తిరుగుతూ ఊళ్లోకి పోతుంది, పెద్ద బండి అయితే బయటే ఆపి నడవడం మేలు. ముందు మాధవరాయస్వామి గుడి చూడండి. లోపల పూజలందుకునే విగ్రహం లేదు. కొబ్బరికాయ, పూలు పట్టుకొచ్చి వెతుక్కునే పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పాలి. గోపురం, మండపం స్తంభాల మీద చెక్కడాలు తీరిగ్గా చూడాల్సినవి. తర్వాత జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం, పావురాల గోపురం, జైలు. విజయనగర రాజుల కింద ఈ కోటని పెమ్మసాని నాయకులు ఏలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అనే ఫ్రెంచి ఆయన మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడిదాకా వచ్చాడు. మసీదు మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కథ చెప్తే, తర్వాత వాళ్లు కోటలో తమంతట తామే తిరుగుతారు.

నాలుగున్నరకి లోయ వైపు కదలండి. చివర్లో దారి అంటూ ఉండదు, బండరాళ్ల మీద అడుగు చూసుకుంటూ వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు దగ్గర్లో ఆగిపోయినా చాలు, నీళ్లు కనపడతాయి.

ఇప్పుడు కూర్చోవడం సంగతి. అంచుల్లో చాలాచోట్ల రెయిలింగు ఉండదు. రాళ్లు ఎవరో పేర్చినట్టు నలుపలకలుగా, కూర్చోమన్నట్టే ఉంటాయి. కూర్చునే ముందు ఆ రాయి ముందు వైపు చూడొద్దు, వెనక వైపు చూడండి. వెనక ఒక వేలు పట్టేంత సన్నని చీలిక, అందులో ఎండిన గడ్డి, చిన్న గులకరాళ్లు కనిపిస్తే ఆ దిమ్మ కొండ నుంచి విడిపోయిందన్నమాట. ఎన్నేళ్లుగానో అలాగే ఉండి ఉండొచ్చు, ఇంకా ఎన్నేళ్లయినా ఉండొచ్చు. అయినా దాని మీద కూర్చోవద్దు. చీలికకి ఇవతల, అంచుకి కనీసం రెండు మనుషుల దూరంలో ఉండండి. పిల్లల చెయ్యి వదలొద్దు, ఫోన్ తెరలో చూస్తూ వెనక్కి అడుగు వేయొద్దు. గుంపుగా వెళ్తే ఒకరు ఫొటోలు తీయకుండా మిగతావాళ్ల కాళ్లు చూస్తూ ఉండటం మంచి పద్ధతి. తాగి అంచుకి వచ్చేవాళ్లు కూడా కనపడతారు, వాళ్లకి దూరంగా జరగండి.

కూర్చున్నాక ఫోన్ లోపల పెట్టి అవతలి గోడ చూడండి. ఎండ వాలేకొద్దీ పొరల మధ్య గీతలు ఒక్కొక్కటి నల్లగా తేలతాయి. గద్దలు మీ పాదాల కంటే కింద తిరుగుతుంటాయి, రెక్కల పైభాగం కనిపిస్తుంది. పక్షుల వీపులు చూసే అవకాశం మనలాంటి డెల్టా వాళ్లకి ఎక్కడుంటుంది చెప్పండి.

సూర్యుడు దిగగానే లేవండి. వెలుగు ఉండగానే రాళ్లు దాటి కోటలోకి వచ్చేయాలి. చీకట్లో ఒంటరిగా, జంటగా అంచు దగ్గర గానీ పొదల వైపు గానీ ఉండిపోవద్దు.

మర్నాటి పొద్దున

డిసెంబరు, జనవరిల్లో అక్కడ సూర్యోదయం 6:25, 6:50 మధ్య. ఆరింటికల్లా చేరితే వెలుగు ముందు ఆకాశంలో, తర్వాత పై అంచున, ఆ తర్వాత నెమ్మదిగా నీళ్ల దాకా దిగడం చూస్తారు. ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్లండి. కెమెరా ఉన్నవాళ్లు నిన్న సాయంత్రం చూసిపెట్టుకున్న చోటికే నేరుగా వెళ్లాలి, చీకట్లో కొత్త చోటు వెతకొద్దు. డ్రోను సంగతి మర్చిపోండి, కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

నీళ్లలోకి దిగడం, ఈత వద్దు. అది రిజర్వాయరు నీరు, గోడలు నిటారు, లోతు తెలియదు, పట్టుకుని ఎక్కడానికి ఒడ్డు ఉండదు. బోటింగు, కయాకింగు కొన్నాళ్లు నడుస్తాయి, కొన్నాళ్లు ఆపేస్తారు. ఉంటే లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్లండి, దానికోసమే ప్లాను మాత్రం వేసుకోవద్దు.

తిరుగు దారిలో బేలం

తొమ్మిదికి టిఫిను ముగించి బయల్దేరితే కొలిమిగుండ్ల దగ్గరి బేలం గుహలకి పదిన్నర, పదకొండుకి చేరతారు. రెండూ ఒకే ప్రయాణంలో చూడటంలో ఒక అందం ఉంది. గండికోటలో నది గట్టి రాయిని పై నుంచి కోసింది, బేలంలో నీళ్లు సున్నపురాయిని లోపలి నుంచి కరిగించాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు, 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ ఆయన బృందం లోపల కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు, అందులో జనాన్ని వెళ్లనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. అడుగున పాతాళగంగ అనే నీటి పాయ 46 మీటర్ల లోతున ఉంది.

లోపల చల్లగా ఉంటుందనుకుంటారు, ఉక్కగా ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, ఇరుకు చోటంటే భయపడేవాళ్లు పైనే ఉండిపోవాలి. లోపల వంగి నడిచే చోట్లు, జారే మెట్లు ఉన్నాయి. పొద్దున వేసుకున్న ఆ బూట్లే ఇక్కడా పనికొస్తాయి.

బేలం నుంచి అవుకు, బనగానపల్లె మీదుగా నంద్యాల. బనగానపల్లె పక్కనే యాగంటి ఉంది. రెండు రోజుల ప్లానులో దాన్ని ఇరికించొద్దు, మూడో రోజు ఉంటే యాగంటి, అహోబిలం కలిపి హాయిగా పెట్టుకోవచ్చు. నంద్యాలలో భోంచేసి నాలుగింటికల్లా కదిలితేనే వెలుగు ఉండగా ఘాటు దాటుతారు. ఆలస్యమైతే పులులు తిరిగే ఆ అడవిలో చీకట్లో లారీల వెనక పడొద్దు, ఆ రాత్రికి నంద్యాలలోనే రూము తీసుకుని మర్నాడు ఆఫీసుకి ఒక పూట సెలవు చెప్పేయండి.